షిబారీ నిజంగా సమురాయ్‌ల కాలం నాటి కళేనా? అందులో జనానికి అంతగా నచ్చేదేంటి?

మీరు ఒక ప్రశ్నలో మూడు అడిగారు. ఏదో వెబ్ సిరీస్‌లో జపాన్ వాళ్ల తాళ్ల కట్టు చూశారు, అది సమురాయ్‌ల నుంచి తరతరాలుగా వస్తున్న ప్రాచీన ప్రేమ కళ అని అందులో ఓ పాత్ర అన్నది, అది నిజమా అన్నది మొదటిది. కట్టించుకుంటే మనిషికి ఏం హాయి ఉంటుంది అన్నది రెండోది. చివర్లో కాస్త మొహమాటంగా, ఇదేమైనా మానసిక జబ్బా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. ప్రాచీన కళ అన్నది వట్టి ప్రచారం. మనిషిని తాడుతో కట్టే విద్య జపాన్‌లో పాతదే గానీ అది నేరస్తుల్ని పట్టుకునే విద్య. పడకగదికీ దానికీ సంబంధం లేదు. శృంగారంతో ముడిపడిన ఇప్పటి షిబారీ, దాన్నే కిన్‌బాకు అని కూడా అంటారు, దాదాపుగా ఇరవయ్యో శతాబ్దపు సరుకు. ఇక నచ్చేదేంటి అంటే, నా అనుభవంలో, ఎదుటి మనిషి ధ్యాసంతా కాసేపు పూర్తిగా మన మీదే ఉండటం. ఇద్దరూ పెద్దవాళ్లై, ఇద్దరికీ ఇష్టమై చేసుకుంటే జబ్బు కాదు.

నేనెవరినో చెప్పాలి కదా. ఉద్యోగం కోసం టోక్యోలో చాలా ఏళ్లు ఉన్నాం, నేనూ మా ఆవిడా అక్కడే ఒక గురువు దగ్గర నేర్చుకున్నాం. మా ఇంట్లో కట్టేది ఎక్కువగా ఆవిడే, కట్టించుకునేది నేను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. ఇప్పుడు బెంగళూరులో తెలిసిన జంటలకి మొదటి పాఠాలు చెబుతుంటాం, డబ్బులు తీసుకోం.

ముందు చరిత్ర. జపాన్ చరిత్రలో ‘ఎడో’ అనే కాలంలో, అంటే 1603 నుంచి 1868 దాకా తొకుగావా వంశపు షోగున్‌లు, అంటే సైనిక పాలకులు, ఏలిన రోజుల్లో, ఖైదీని తాడుతో బంధించడం ఒక శాస్త్రం. దాని పేరు హోజోజుత్సు. ఒక్కో గురుపరంపరకి ఒక్కో పద్ధతి, బయటివాళ్లకి చూపించేవారు కాదు. పారిపోబోయే వాణ్ని అప్పటికప్పుడు పెడరెక్కలు విరిచి కట్టడానికి వేసేది హయనవా, అంటే తొందర కట్టు. విచారణకో శిక్షకో తీసుకెళ్లేటప్పుడు తీరిగ్గా వేసేది హొన్‌నవా, అసలు కట్టు. హయనవాలో చాలాసార్లు ముడి వేసేవారు కాదు, తాడు కొస కట్టినవాడి చేతిలోనే ఉండేది. ముడి పడిందంటే వాడు నేరస్తుడని లోకానికి చెప్పినట్టే, ఇంకా నేరం రుజువు కాని మనిషికి అంత అవమానం చెయ్యకూడదని. ఖైదీ హోదాని బట్టి కూడా కట్టు మారేది: సమురాయ్‌కి ఒకటి, బౌద్ధ సన్యాసికి ఒకటి, మామూలు రైతుకి ఇంకొకటి. తప్పించుకోకుండా ఉండాలి, దెబ్బ తగలకూడదు, చూడటానికి పొందికగా కూడా ఉండాలి అని నియమాలు. పొందిక ఎందుకంటే ఖైదీని ఊరేగింపుగా నడిపించేవాళ్లు, దారి పొడుగునా జనం చూస్తారు.

ఇక్కడ ఒక్క మాట పట్టుకోండి: జపాన్‌లో తాడు అంటే మొట్టమొదట సిగ్గు. నొప్పి దాని తర్వాతే. అది ఇప్పటికీ పోలేదు. నేటికీ కస్టడీలో ఉన్న నిందితుణ్ని కోర్టుకి తెచ్చేటప్పుడు బేడీలతో పాటు నడుముకి తాడు కడతారు, అది అవమానమని కేసులు కూడా నడిచాయి. టీవీ వార్తల్లో అరెస్టయినవాళ్ల మణికట్లు మసకేసి చూపిస్తారు. నేను అక్కడికి వెళ్లిన కొత్తలో ముఖం చూపించి చేతులు దాస్తారేంటి అనుకునేవాణ్ని. హోజోజుత్సు గురించి చదివాక గానీ సంగతి అర్థం కాలేదు.

తాడుని హింసకీ వాడారు, దాచేదేం లేదు. నేరం ఒప్పించడానికి షోగున్ల ప్రభుత్వం అనుమతించినవి నాలుగు: కొరడా దెబ్బలు, మోకాళ్ల మీద రాతి పలకలు పేర్చడం, కాళ్లూ మెడా దగ్గరికి లాగి రొయ్యలా వంచి కట్టడం, చేతులు వెనక్కి కట్టి వేలాడదీయడం. చివరి రెండూ తాడుతోనే. షోగున్లు పోయి మెయిజీ చక్రవర్తి ప్రభుత్వం వచ్చాక, ఫ్రెంచి న్యాయ నిపుణుడు బువాసొనాద్ గట్టిగా పట్టుబట్టడంతో, చివరికి 1879లో చిత్రహింసని చట్టంలోంచి తీసేశారు. మీరు చూసిన సిరీస్‌లో ‘ప్రేమ కళ’ అన్నది ఈ మూలం నుంచి వచ్చిందని తెలిస్తే రాసినవాళ్లకే ఇబ్బందిగా ఉంటుందేమో.

మరి ఇది అందంగా ఎప్పుడు మారింది? నా ఉద్దేశంలో మొదటి మలుపు నాటకం. 1757లో ఒసాకాలో మొదట బొమ్మలాటగా ఆడి, తర్వాత కబుకీలోకి, అంటే మనుషులే వేషాలు కట్టే సంప్రదాయ రంగస్థలానికి, వెళ్లిన ఒక నాటకంలో బంగారు మంటపం అంకం ఉంది. మహా చిత్రకారుడు సెష్షూ మనవరాలు యుకిహిమేని దుర్మార్గుడు చెర్రీ చెట్టుకి కట్టేస్తాడు. పూలరేకులు రాలుతుంటాయి. చేతులు కదలవు కాబట్టి ఆమె కాలి వేళ్లతో ఆ రేకుల్ని కూడదీసి ఎలుక బొమ్మ గీస్తుంది, ఎలుకలకి ప్రాణం వచ్చి తాడు కొరికేస్తాయి. ఇప్పటికీ ఆడుతున్నారు, దొరికితే చూడండి. నటుడి మీద నిజంగా హొన్‌నవా వేస్తే ఊపిరాడదు, కదల్లేడు, నాలుగో వరసలో వాళ్లకి కనిపించదు కూడా. అందుకని రంగస్థలం కోసం తాడు వదులైంది, గీతలు స్పష్టమయ్యాయి, కట్టిన మనిషి వంపూ బాధా కళ్లకి కట్టేలా తయారైంది. ఇప్పటి షిబారీలో కనిపించే సొగసు పోలీసుల దగ్గర్నుంచి వచ్చినదాని కంటే ఈ రంగస్థలం నుంచి వచ్చిందే ఎక్కువ అని నేను నమ్ముతాను. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు.

రెండో మలుపు ఒక్క మనిషి. ఇతో సెయ్‌యూ, 1882లో పుట్టాడు, 1961లో పోయాడు. చిత్రకారుడు, పత్రికలకి బొమ్మలు వేశాడు, నాటకాల వాళ్లకి పనిచేశాడు. టోక్యో పాత పేరు ఎడో, ఆ పాత నగరం ఆచారాలన్నీ పిచ్చిగా సేకరించేవాడు, అందులో ఈ శిక్షలూ ఉన్నాయి. మోడళ్లని కట్టి, ఫోటోలు తీసి, వాటిని చూసి బొమ్మలు వేశాడు. ఆధునిక కిన్‌బాకుకి తండ్రి అంటే అందరూ ఈయన పేరే చెబుతారు. అయితే 1921లో గర్భవతిగా ఉన్న భార్యని తలకిందులుగా వేలాడదీసి ఫోటో తీయించాడు. యొషితోషి అనే చిత్రకారుడు 1885లో వేసిన ఒక భయంకరమైన చిత్రం, అదీ ప్రభుత్వం నిషేధించినదే, నిజంగా సాధ్యమా అని చూడ్డానికట. ఆవిడ ఒప్పుకునే చేసిందంటారు. ఎవరు ఏమన్నా నాకు ఆ ఫోటో చూస్తే కడుపులో దేవుతుంది. మూలపురుషుడని దండం పెట్టాల్సిన అవసరమేం లేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక నాసిరకం కాగితం మీద అచ్చయ్యే చవక పత్రికలు జపాన్‌లో కుప్పలుతెప్పలుగా వచ్చాయి. వాటిలో 1947లో మొదలైన ‘కితాన్ క్లబ్’ 1950ల్లో మెల్లగా తాళ్ల బొమ్మలు, కథలు, పాఠకుల ఉత్తరాల వైపు తిరిగింది. సుమా తొషియుకి అనే ఆయన అందులో ఒక పేరుతో బొమ్మలు వేసేవాడు, ఇంకో పేరుతో రాసేవాడు, ఆ బొమ్మల పేరు ఆడపేరు. నాకు ఆ పత్రికలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేవి ఉత్తరాలు. ఎక్కడెక్కడో ఊళ్లలో, ఇలాంటి కోరిక తనొక్కడికే ఉందని కుమిలిపోయే గుమాస్తాలు, టీచర్లు, భార్యాభర్తలు ఒకరి రాతలు ఒకరు చదువుకుని ఊపిరి పీల్చుకున్నారు. డాన్ ఒనిరోకు ‘హనా తో హెబీ’ నవల కూడా 1962లో ఇందులోనే మొదలైంది. 1974లో నిక్కత్సు స్టూడియో దాన్ని సినిమా తీసింది, నటి తాని నవోమికి తిరుగులేని పేరొచ్చింది, అప్పట్నుంచి తాడు దేశమంతా ఎరిగిన బొమ్మ అయిపోయింది. పత్రిక 1975లో ఆగిపోయింది.

ఆ తర్వాత గురువుల కాలం. నురెకి చిముఓ, అకెచి డెన్‌కి, యుకిమురా హరుకి, ఒక్కొక్కరిది ఒక్కో దారి. అకెచి వేదిక మీద వేలాడదీసే ప్రదర్శనలకి ప్రసిద్ధి. యుకిమురా అందుకు పూర్తిగా అవతలి కొస, ఒకటో రెండో తాళ్లు, నేల మీదే, కిమోనో ఉండగానే, నెమ్మదిగా. మా గురువు ఈ రెండో దారిలో మనిషి కాబట్టి నా మాటల్లో పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి. 1990ల నుంచి అమెరికా, ఐరోపా వాళ్లు వచ్చి నేర్చుకెళ్లారు. ‘సమురాయ్ ప్రేమ కళ’ లాంటి పొగడ్తలు అక్కడ బాగా అమ్ముడుపోయాయి, మీ సిరీస్‌లోని డైలాగ్ ఆ దారిలోనే వచ్చి ఉంటుంది.

ఇక మీ రెండో ప్రశ్న, ఇందులో ఏం నచ్చుతుందన్నది.

కట్టించుకునేవాడిగా చెబుతాను. నేను రోజంతా నిర్ణయాలు తీసుకునే ఉద్యోగం చేస్తాను, ఇంటికొచ్చినా బుర్ర ఆగదు. చేతులు వెనక్కి వెళ్లి మొదటి చుట్టు ఛాతీ మీద బిగిసేసరికి నేను చెయ్యాల్సింది ఏమీ మిగలదు. ఫోన్ ముట్టుకోలేను, ముక్కు దురద పెట్టినా ఆవిడకే చెప్పాలి. మొదటి రెండు నిమిషాలు చిరాకు, కొంచెం టెన్షన్ కూడా. తర్వాత ఊపిరి నెమ్మదిస్తుంది. నెమ్మదిగా, ఒకే తీరున పడే ఒత్తిడి ఒంటికి హాయిగా ఉంటుంది, పసివాణ్ని పొత్తిళ్లలో గట్టిగా చుట్టినట్టు. దీన్నే కొంచెం లోతుగా వెళ్లినవాళ్లు నవయొయి అంటారు, తాడు మత్తు. తాగకుండానే మాట ముద్దగా వస్తుంది, కాలం తెలియదు. అందరికీ రాదు, వచ్చినవాళ్లకీ ప్రతిసారీ రాదు.

కట్టేవాళ్లకి ఇంకో రకం. మా ఆవిడని అడిగితే, తాడు చేతిలో ఉంటే వేరే ఆలోచన రాదు అంటుంది. తాడు లాగినప్పుడు ఎదుటి మనిషి భుజం ఎటు ఒరిగింది, ఊపిరి ఎక్కడ ఆగింది, వేళ్లు ముడుచుకున్నాయా వదులయ్యాయా, ఇవన్నీ చూస్తూనే బిగువు సమంగా ఉంచాలి. మా గురువు మొదటి పాఠాల్లో ముడే నేర్పలేదు. ఎదుటివాళ్ల వెనక కూర్చుని, తాడు ఊరికే భుజం మీదుగా లాగి, ఆగి, వాళ్లు ఊపిరి వదిలేదాకా చూడమనేవాడు. నాకైతే విసుగొచ్చేది. ఆవిడ మాత్రం అక్కడే పట్టేసింది.

మూడోది, పైన చెప్పిన సిగ్గు. పోలీసు తాడులో అవమానంగా ఉన్నదే, నమ్మిన మనిషి ముందు, వద్దంటే ఆ క్షణమే ఆగుతారని తెలిసినప్పుడు, వేరే రుచి అవుతుంది. ఎవరూ చూడని మనల్ని ఒకరు తేరిపార చూస్తున్నారు, దాక్కోవడానికి చేతులు లేవు. కొంతమందికి ఇది నేరుగా కామమే, అందులో తప్పేం లేదు, ధ్యానం అనీ యోగా అనీ ముసుగేసి చెప్పేవాళ్లంటేనే నాకు విసుగు. ఇంకొంతమందికి ఒంటి మీద గీతల అందం, ఫోటో. ఫోటోగ్రాఫర్ అరాకి నొబుయొషి తీసిన తాళ్ల ఫోటోలు ప్రపంచమంతా చూసింది కదా, అయితే ఆయనకి ఏళ్ల తరబడి మోడల్‌గా చేసినావిడ 2018లో తనతో ఒప్పందం కాగితమంటూ లేదని, తన మాట లెక్కచెయ్యలేదని బహిరంగంగా రాశారు. ఫోటోలో తాడు ఎంత అందంగా ఉన్నా, దాని వెనక ఒప్పుకోలు ఎలా జరిగిందో ఫోటో చెప్పదు.

జబ్బు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక పదకొండో కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది, ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి చేసుకునే ఇలాంటివి అందులో రుగ్మతగా లేవు. అమెరికన్ సైకియాట్రిస్టుల 2013 కూర్పు కూడా కోరిక వేరు, రుగ్మత వేరు అనే చెప్పింది: దాని వల్ల మీరు నలిగిపోతుంటేనో, ఒప్పుకోని మనిషి మీద ప్రయోగిస్తుంటేనో, ఇంకొకరికి హాని జరుగుతుంటేనో అప్పుడు వైద్యుడి విషయం. మీ ప్రశ్నలో వాటిలో ఏదీ నాకు కనిపించలేదు.

ఇప్పుడు మీరు అడగకపోయినా చెప్పి తీరాల్సినవి. ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్లలో సగం మంది వారం తిరక్కుండా ఇంట్లో ప్రయత్నిస్తారని నాకు తెలుసు.

అసలు ప్రమాదం నరాలకి. అందరూ రక్తం ఆగిపోతుందేమో అని భయపడతారు, చెయ్యి నీలంగా మారితే కనిపిస్తుంది, విప్పితే చాలావరకు సర్దుకుంటుంది. నరం అలా కాదు. జబ్బ బయటి వైపు, ఎముకని చుట్టుకుని రేడియల్ నరం వెళుతుంది, చేతులు వెనక్కి పెట్టి ఛాతీ చుట్టూ వేసే ప్రసిద్ధమైన కట్టులో తాళ్లు సరిగ్గా అక్కడే పడతాయి. అది నలిగితే మణికట్టు వాలిపోతుంది, చెయ్యి పైకెత్తలేరు. మాతో పాటు నేర్చుకున్న ఒక కుర్రాడి స్నేహితురాలికి ఇలాగే అయింది. ఆ అమ్మాయికి తిమ్మిరి కూడా తెలియలేదు, విప్పాక టీ కప్పు పట్టుకోబోతే చెయ్యి లేవలేదు. మామూలుగా అవడానికి వారాలు పట్టింది. అందుకే తిమ్మిరెక్కిందా అని అడిగితే సరిపోదు, మధ్యమధ్యలో మణికట్టు వెనక్కి వంచమనాలి, వేళ్లు చాపమనాలి, వేలు పట్టుకుని గట్టిగా నొక్కమనాలి. బలం తగ్గిందనిపిస్తే ఆ కట్టు ఎంత అందంగా కుదిరినా వెంటనే విప్పెయ్యాలి. విప్పాక కూడా బలం రాకపోతే నేరుగా డాక్టర్ దగ్గరికి, సిగ్గుపడి ఆలస్యం చెయ్యొద్దు.

మిగతావి గబగబా చెప్తాను. మెడకి తాడు వద్దు, ఎప్పుడూ, ఏ కారణానికీ. కట్టిన మనిషిని వదిలి పక్క గదిలోకి కూడా వెళ్లకూడదు. మొన మొద్దుగా ఉండే బ్యాండేజీ కత్తెర, మందుల షాపులో దొరుకుతుంది, చేతికందే దూరంలో పెట్టుకోండి, ఖరీదైన తాడని చూసుకోకుండా కోసెయ్యండి. తాగి ఉంటే ఆ రోజుకి మానెయ్యండి. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, భుజం ఒకసారి జారినవాళ్లు ముందే చెప్పుకోవాలి. వేలాడదీయడం మాత్రం వీడియో చూసి నేర్చుకునేది కాదు, సీలింగు ఫ్యాను కొక్కేనికి అసలే కాదు. నేనైతే ఇన్నేళ్లలో దాని జోలికి పోలేదు, పోవాలనీ లేదు.

తాడు గురించి చాలామంది అడుగుతారు. జపాన్‌లో ఎక్కువగా వాడేది ఆరు మిల్లీమీటర్ల మందం, ఏడెనిమిది మీటర్ల పొడవు, మూడు పేటలు పురిపెట్టిన జనపనార తాడు, దాన్ని మధ్యకి మడిచి రెండు వరసలుగా వాడతారు. విచిత్రమేంటంటే ప్రపంచంలో పండే జనపనారలో చాలా భాగం మన బెంగాల్, పక్కనున్న బంగ్లాదేశ్‌లదే. కాబట్టి ‘జపాన్ తాడు’ అని విదేశీ సైట్‌లో వేలు పొయ్యాల్సిన పనిలేదు. కాకపోతే హార్డ్‌వేర్ షాపులో దొరికే తాడుకి మిల్లులో పట్టించిన నూనె వాసన ఉంటుంది, నూగు గుచ్చుకుంటుంది. ఉడకబెట్టి, లాగి కట్టి ఆరబెట్టి, నూగుని సన్నటి మంట మీద జాగ్రత్తగా కాల్చి, ఆఖర్న కొద్దిగా నూనె పట్టిస్తే మెత్తబడుతుంది. నైలాన్ తాడు వద్దు, ముడి జారుతుంది, వేగంగా లాగితే చర్మం కాలుతుంది.

ఇక ఆఖరిది. పెళ్లయి కొన్ని నెలలైన ఒకతను నాకు మెసేజ్ పెట్టాడు, భార్యకి సర్‌ప్రైజ్‌గా చెయ్యాలనుకుంటున్నాను, మొదటి కట్టు ఏది వెయ్యమంటారు అని. ఏదీ వద్దన్నాను. ఇందులో సర్‌ప్రైజ్ అనేదే ఉండకూడదు. ముందు పగటిపూట, బట్టలేసుకుని, మామూలుగా కూర్చుని మాట్లాడుకోవాలి: ఏం చేస్తాం, ఏం చెయ్యం, ఆపమనడానికి ఏ మాట వాడతాం, ఫోటోలు ఉండవు. నిన్న సరే అన్నది ఇవాళ్టికి చెల్లదు, మళ్లీ అడగాలి. సరే అన్నాక మధ్యలో వద్దంటే ఎందుకని అడక్కుండా విప్పాలి. అతను మళ్లీ రాశాడు, అడిగితే ఆవిడ వద్దందట, ఇప్పుడేం చెయ్యాలి అని. ఇంకేముంది, మానెయ్యమన్నాను.

మీ ఇద్దరికీ కుతూహలం ఉంటే ఒకే ఒక్క తాడుతో, నేల మీద, చేతులు ముందుకి పెట్టి మొదలుపెట్టండి. రెండు మణికట్లకి కలిపి వదులుగా చుట్టి, లోపలికి ఒక వేలు దూరేంత ఖాళీ ఉంచి, లాగినా బిగుసుకోని ముడి వెయ్యండి. జారుముడి వద్దు. పది నిమిషాలు ఉంచి విప్పేసి, ఎలా ఉందో మాట్లాడుకోండి. తర్వాత ఒకరి చోట ఒకరు మారండి. కట్టబోయే మనిషి ఒక్కసారైనా కట్టించుకుని చూడాలి, ఈ విషయంలో మాత్రం మా ఇంట్లో మినహాయింపు లేదు. కామెంట్లలో ఇంకేమైనా అడగండి, కట్టు బొమ్మలు గీసి పెట్టమని మాత్రం అడక్కండి. బొమ్మ చూసి నేర్చుకున్నవాళ్ల చేతులే నేను ఎక్కువగా వాలిపోయి చూశాను.